పొడిని కొలవకుండా తారుకు కోత పెట్టకండి: రోడ్డు మిశ్రమాలకు ఆమోదం తెలిపే ఇంజనీర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంజనీర్లకు, జాబ్ మిక్స్ ఫార్ములాల మీద, అంటే ఒక్కో పనికి వాడే మిశ్రమం పాళ్లు రాసిన పత్రాల మీద, సంతకం చేసే అధికారులకు, ప్రమాణాలు రాసే సంఘాల సభ్యులకు నమస్కారాలు.

కంకరనూ తారునూ వేడిచేసి కలిపే హాట్ మిక్స్ ప్లాంటు పక్కనుండే ప్రయోగశాలలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మనిషిగా ఈ లేఖ రాస్తున్నాను. రోడ్డు మిశ్రమంలో బరువు ప్రకారం చూస్తే ఇరవయ్యో వంతు మాత్రమే ఉండే పదార్థం గురించి, అంటే 75 మైక్రాన్ల జల్లెడ దాటి కిందపడే సన్నని పొడి గురించి, మీతో వివరంగా మాట్లాడాలని ఎంతో కాలంగా అనుకుంటున్నాను. దీన్ని మనం కాగితాల్లో ఫిల్లర్ అంటాం, ప్లాంటులో డస్ట్ అంటాం. కంకర గట్టిదనం మీద, తారు గ్రేడు మీద, రోలర్ ఎన్నిసార్లు తిరిగిందన్న దాని మీద మన సమావేశాల్లో గంటలకొద్దీ చర్చ జరుగుతుంది కానీ, ఈ పొడికీ తారుకూ మధ్య ఉండవలసిన నిష్పత్తి మాత్రం పట్టికలో ఒక గడిగా మిగిలిపోతుంది. ఆ గడిలో రాసే అంకెను చాలాచోట్ల తప్పుగా లెక్కిస్తున్నారని, ఆ తప్పు వల్ల బాగుండవలసిన రోడ్లు ముందే పగిలిపోతున్నాయని నా అనుభవం.

నేను స్వయంగా చూసిన ఒక పనితో మొదలుపెడతాను. అదొక పైపొర మిశ్రమం. డిజైన్ ప్రకారం తారు మొత్తం మిశ్రమం బరువులో 5.2 శాతం, కంకర గ్రేడింగులో, అంటే ఏ సైజు రాయి ఎంత ఉండాలన్న లెక్కలో, 75 మైక్రాన్లు దాటే పొడి 5.0 శాతం, ప్రయోగశాలలో దట్టించిన నమూనాలో గాలి ఖాళీలు 4 శాతం. అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. ఉత్పత్తి మొదలైన కొన్నాళ్లకు ప్లాంటు నుంచి తెచ్చిన మిశ్రమంతో చేసిన నమూనాల్లో ఖాళీలు 2.6 శాతానికి పడిపోయాయి. ఖాళీలు తగ్గితే వేడికి తారు పైకి తేలుతుందన్న భయం అందరికీ ఉంటుంది, అది న్యాయమైన భయమే. ఆ రోజు సమావేశంలో వచ్చిన పరిష్కారం ఒక్క నిమిషంలో తేలింది: తారు 0.3 శాతం తగ్గించండి. తగ్గించారు. ఖాళీలు మళ్లీ మూడున్నర శాతం దగ్గరకు వచ్చాయి, పట్టికలో అన్ని గడులూ సరిపోయాయి, పని సాగిపోయింది. ఆ నిర్ణయాన్ని నేనూ ప్రశ్నించలేదు.

రెండేళ్లు గడవకముందే చక్రాలు నడిచే దారి వెంట సన్నని పగుళ్లు కనిపించాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి మొసలి చర్మంలా తయారయ్యాయి. అక్కడ రోడ్డును తొలిచి తీసిన గుండ్రటి ముక్కను, అంటే కోర్‌ను, ఓవెన్‌లో కాస్త వేడిచేసి చేత్తో విడదీశాను. ఆరోగ్యంగా ఉన్న మిశ్రమాన్ని అలా విడదీసినప్పుడు రాయికీ రాయికీ మధ్య తారు నల్లగా మెరుస్తూ సన్నని దారాల్లా సాగి తెగుతుంది. ఇక్కడ దారమన్నదే లేదు. కోర్ ఎండిన మట్టిగడ్డలా పొడిపొడిగా విడిపోయింది. రాళ్ల మీద ఉన్న పూత బూడిద కలిసిన గోధుమ రంగులో, మెరుపు లేకుండా, గోటితో గీస్తే రాలిపోయేలా ఉంది. మిగిలిన భాగం నుంచి తారును వేరుచేసి చూస్తే పట్టికలో రాసినంతే ఉంది. తారు ఉంది కానీ రాళ్లను పట్టి ఉంచే స్థితిలో లేదు.

ఆ పని కాగితాలన్నీ మళ్లీ ముందేసుకుని కూర్చున్నప్పుడు మొదట దొరికిన తప్పు జల్లెడ దగ్గరిది. రోజువారీ పరీక్షలో కంకరను కడగకుండా జల్లించి రాసిన అంకె 4.9 శాతం. అదే నాడు పక్కన దాచిన నమూనాను ఈసారి నీటితో కడిగి జల్లించాను. మొదటిసారి పోసిన నీళ్లు సిమెంటు కలిపినంత చిక్కగా దిగాయి. నీళ్లు తేటపడేదాకా కడిగి, ఆరబెట్టి, తూచి లెక్కవేస్తే పొడి 6.2 శాతం తేలింది. సన్నని పొడి పెద్ద రాళ్లకు అంటుకుని ఉంటుంది, ఎంత ఊపినా జల్లెడ దాకా రాదు. కడగకుండా 75 మైక్రాన్ల అంకె రాయడమంటే చాలాసార్లు ఊహ రాయడమే. ద్రావకంతో తారును వేరుచేసే పరీక్షలోనూ ఇలాంటి మరో దారి ఉంది. ద్రావకంతో పాటు ఫిల్టర్ దాటి బయటికి వెళ్లిన పొడిని విడిగా కొలిచి తిరిగి కలపకపోతే, పోయిన పొడంతా తారు లెక్కలోకి చేరుతుంది. అప్పుడు తారు ఉన్నదానికంటే ఎక్కువగానూ, పొడి ఉన్నదానికంటే తక్కువగానూ కనిపిస్తాయి. రెండు తప్పులూ ఒకే వైపుకు మొగ్గుతాయి కాబట్టి నిష్పత్తి మరింత అందంగా కనిపిస్తుంది.

రెండో తప్పు ఇంకా లోతైనది. పొడిని దేనితో భాగించాలన్నది. తారు మొత్తం మనకు పనికిరాదు. కంకరలోని సన్నని రంధ్రాలు కొంత తారును లోపలికి పీల్చుకుంటాయి. అలా పీల్చుకున్నది రాళ్లను అతికించదు, పొడితో కలవదు. మిగిలినదే పనిచేసే తారు, మన భాషలో ఎఫెక్టివ్ బిటుమెన్. ఆ పనిలో వాడిన కంకర తన బరువులో 0.9 శాతం తారును పీల్చుకునే రకం. ఆ లెక్కన 5.2 శాతంలో పనిచేసే తారు దాదాపు 4.35 శాతమే. డిజైన్ నాటి పొడి 5.0 శాతాన్ని దీనితో భాగిస్తే 1.15 వస్తుంది. 1987లో అమెరికాలో మొదలైన పరిశోధనా కార్యక్రమం నుంచి పుట్టిన సూపర్‌పేవ్ అనే మిశ్రమ డిజైన్ పద్ధతి ఈ నిష్పత్తికి సాధారణంగా 0.6 నుంచి 1.2 దాకా హద్దు పెడుతుంది, ముతక గ్రేడింగులకు 0.8 నుంచి 1.6 దాకా వెసులుబాటు ఇస్తుంది. మా మిశ్రమం మొదటి హద్దుకు లోబడవలసింది. డిజైన్ హద్దులోనే ఉంది, అంచుకు దగ్గరగా ఉన్నా ఉంది.

ఇప్పుడు ప్లాంటులో నిజంగా జరిగింది చూడండి. పొడి 6.2కు పెరిగింది. ఎఫెక్టివ్ తారుతో భాగిస్తే నిష్పత్తి 1.43. ఆ పట్టిక నింపిన వ్యక్తి మాత్రం మొత్తం తారు 5.2తో భాగించాడు. నిజమైన 6.2ను అలా భాగించినా 1.19 వస్తుంది, అంటే హద్దు లోపలే అనిపిస్తుంది. ఇక ఆయన చేతిలో ఉన్నది కడగని జల్లెడ ఇచ్చిన 4.9 కాబట్టి ఆయనకు వచ్చిన అంకె 0.94. సర్వం సుభిక్షం అన్నట్టుంది ఆ గడి. తరువాత తారును 4.9కు తగ్గించినప్పుడు ఎఫెక్టివ్ తారు 4.04కు దిగింది, నిజమైన నిష్పత్తి 1.53కు చేరింది. వ్యాధిని పెంచే మందే వేశాం.

ఇక్కడ ఆగి అసలు ఖాళీలు ఎందుకు తగ్గాయో చెప్పాలి, ఎందుకంటే తప్పు నిర్ణయానికి మూలం ఈ విషయం తెలియకపోవడమే. 75 మైక్రాన్లంటే దాదాపు మనిషి తలవెంట్రుక మందం. రాళ్ల మీద తారు పొర సగటున ఆరు నుంచి పది మైక్రాన్లు ఉంటుంది. అంటే పొడిలో ఉండే రేణువుల్లో కొన్ని తారు పొర కంటే పెద్దవి, అవి రాళ్ల మధ్య సందుల్లో చిన్న రాళ్లలా కూర్చుంటాయి. మరికొన్ని ఆ పొర కంటే సన్నవి, అవి తారులోనే తేలుతూ తారులో భాగమైపోతాయి. రాళ్ల సందులు నిండేదీ పొడి వల్లే, తారు పరిమాణం పెరిగినట్టు కనిపించేదీ పొడి వల్లే. ప్రయోగశాలలో మిశ్రమం నిర్ణీత వేడిలో, నిర్ణీత దెబ్బలతో దట్టం అవుతుంది కాబట్టి ఈ అదనపు పొడి ఖాళీలను సులభంగా మింగేస్తుంది. చూసేవారికి తారు ఎక్కువైనట్టు తోస్తుంది. నిజానికి పెరిగింది పొడి. దాని మీద కప్పడానికి ఇంకాస్త తారు కావలసిన సమయంలో ఉన్న తారును మనం తీసేస్తున్నాం.

కప్పవలసిన ఉపరితలం ఎంతో ఒక్క లెక్కతో తెలుస్తుంది. ప్రతి జల్లెడకూ ఒక ఉపరితల గుణకం ఇచ్చే పాత హ్వీమ్ పద్ధతిలో 4.75 మిల్లీమీటర్ల జల్లెడకు కిలోకు 0.41 చదరపు మీటర్లు, 75 మైక్రాన్ల జల్లెడకు 32.77 చదరపు మీటర్లు. ఎనభై రెట్ల తేడా. మా గ్రేడింగుకు ఈ గుణకాలతో లెక్కవేస్తే డిజైన్ నాడు తారు పొర 8 మైక్రాన్లు దాటి ఉంది. పొడి పెరిగి, తారు తగ్గిన తరువాత అది 7 మైక్రాన్లకు వచ్చింది. ఒక మైక్రాన్‌దేముంది అనిపించవచ్చు. ఆ పొర మందంలో ఎనిమిదో వంతు పోయింది. గాలి తగిలి తారు గట్టిపడడం, నీరు చొరబడి రాయి నుంచి తారు పొరను విడదీయడం ఈ పొర పలుచబడే కొద్దీ వేగమవుతాయి. ఈ మందం నిజమైన కొలత కాదని, సగటు లెక్క మాత్రమేనని నాకు తెలుసు. రెండు మిశ్రమాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి మాత్రం అది చాలా పనికొస్తుంది.

తారు, పొడి కలిసి తయారయ్యే మాస్టిక్ గురించి ఇక చెప్పాలి. రోడ్డులో రాళ్లను పట్టి ఉంచేది డబ్బాలో వచ్చిన తారు కాదు, ఈ మాస్టిక్. కాబట్టి తారు గ్రేడును ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, పొడి ఎంత కలిసిందో చూడకపోతే ఆ ఎంపిక సగమే. ద్రవంలో రేణువులు కలిపితే దాని చిక్కదనం ఎలా పెరుగుతుందో ఐన్‌స్టీన్ 1906లోనే ఒక సూత్రం ఇచ్చాడు. అది రేణువులు చాలా పలుచగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. మన మాస్టిక్‌లో పొడి పరిమాణం ప్రకారం మూడో వంతు దగ్గర ఉంటుంది. అంత దట్టంగా ఉన్నప్పుడు రేణువులు ఒకదాని దారికి ఒకటి అడ్డుపడతాయి, అక్కడి నుంచి గట్టిదనం సరళరేఖలో పెరగదు, నిటారుగా లేస్తుంది. మా పనిలో డిజైన్ నాడు మాస్టిక్ పరిమాణంలో పొడి 29 శాతం, చివరికి 36 శాతం. ఈ ఏడు శాతం తేడా పలుచని మాస్టిక్‌లో జరిగి ఉంటే పెద్ద విషయం కాదు. గట్టిదనం నిటారుగా లేచే చోట జరిగింది కాబట్టి రోడ్డు పగిలింది.

గట్టిదనం మంచిదే కదా అని అడిగేవారు ఉంటారు. వేసవి ఎండలో బరువైన చక్రాల కింద రోడ్డు జారి గాళ్లు పడకుండా ఆపేది ఆ గట్టిదనమే. ఆ వాదన తప్పు కాదు. పొడి మరీ తక్కువైతే మాస్టిక్ పలుచబడి మిశ్రమం రోలర్ కింద అటూ ఇటూ కదులుతుంది, తారు కిందికి కారుతుంది, గాళ్లు తొందరగా పడతాయి. నిష్పత్తికి కింద కూడా హద్దు ఎందుకుందో ఇందువల్లే అర్థమవుతుంది. పొడి అవసరం అన్నదాంట్లో నాకు సందేహం లేదు. నా అభ్యంతరమల్లా గట్టిదనం ఒక్కటే చూసి సంతోషపడడం మీద. 1939 ప్రాంతంలో బ్రూస్ మార్షల్ రూపొందించిన పరీక్షలో నమూనాను 60 డిగ్రీల సెల్సియస్ వేడికి తెచ్చి నొక్కుతాం. పొడి పెరిగితే స్టెబిలిటీ అంకె, అంటే నమూనా తట్టుకున్న గరిష్ఠ బరువు, సాధారణంగా పెరుగుతుంది. అది చూసి మిశ్రమం మెరుగైందని రాసిన నివేదికలు నేను ఎన్నో చూశాను. ఆ పరీక్ష వేడిలో ఒక్కసారి నొక్కి చూస్తుంది. చలి రాత్రి రోడ్డు కుంచించుకుపోయేటప్పుడు మాస్టిక్ సాగుతుందా, లక్షల సార్లు వంగి లేచిన తరువాత అతుకు నిలుస్తుందా అన్న ప్రశ్నలకు ఆ అంకెలో జవాబు ఉండదు. పొడి ఎక్కువైన మాస్టిక్ ఓడిపోయేది సరిగ్గా ఆ రెండు చోట్లే.

రోడ్డు మీద ఇంకో నష్టం జరుగుతుంది. ప్రయోగశాల అచ్చులో వేడి తగ్గకుండా దట్టించిన మిశ్రమం అక్కడ ఖాళీలు తక్కువగా చూపిస్తుంది. అదే మిశ్రమం రోడ్డు మీద దాన్ని పరిచే పేవర్ యంత్రం వెనక పలుచని పొరగా పరుచుకుని నిమిషాల్లో చల్లారుతుంది. గట్టి మాస్టిక్ రోలర్‌కు లొంగదు. ప్రయోగశాలలో ఖాళీలు తక్కువ, రోడ్డు మీద ఖాళీలు ఎక్కువ అనే విచిత్రం ఇలా వస్తుంది. పరిచిన పొరలో ఖాళీలు 7 శాతం దాటిన తరువాత ప్రతి అదనపు శాతానికీ రోడ్డు ఆయుష్షు పదో వంతు వరకు తగ్గుతుందన్నది ఇంజనీర్ల మధ్య స్థిరపడిన అంచనా. రోలర్ డ్రైవర్‌ను నిందించే ముందు ఆ మిశ్రమంలో పొడి ఎంతుందో అడగండి.

ఇంతవరకూ నిష్పత్తి గురించి చెప్పాను. ఆ నిష్పత్తి కూడా పూర్తి నిజం చెప్పదు. ఒకే నిష్పత్తిలో కలిపిన రెండు రకాల పొడులు పూర్తిగా వేరు మాస్టిక్‌లను ఇస్తాయి. దీనికి కారణం పొడి రేణువుల ఆకారం, పరిమాణాల కలయిక. పొడిని అచ్చులో పోసి ఎంత దట్టించినా రేణువుల మధ్య కొంత ఖాళీ మిగులుతుంది. దాన్ని కొలిచే పద్ధతిని 1947లో రిగ్డెన్ ప్రతిపాదించాడు, అందుకే వాటిని రిగ్డెన్ ఖాళీలు అంటాం. ఆ ఖాళీల్లోకి చేరిన తారు అక్కడే చిక్కుకుపోతుంది. మిగిలినదే కదలగలిగిన తారు. మా డిజైన్ అంకెలతోనే చూద్దాం. నిష్పత్తి 1.15, పొడి సాంద్రత 2.70. రిగ్డెన్ ఖాళీలు 40 శాతం ఉన్న పొడి వాడితే ఎఫెక్టివ్ తారులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంటే 28 శాతం, చిక్కుకుంటుంది. రిగ్డెన్ ఖాళీలు 52 శాతం ఉన్న పొడి అదే బరువు వాడితే 45 శాతం చిక్కుకుంటుంది. జల్లెడ పట్టికలో ఈ రెండు పొడులూ కవలల్లా ఉంటాయి. రోడ్డు మీద ఒకటి సాగుతుంది, రెండోది విరుగుతుంది. రిగ్డెన్ ఖాళీలు 50 శాతం దాటిన పొడిని అనుమానంగా చూడాలన్న నియమం ఊరికే పుట్టలేదు.

పొడి సాంద్రతను కూడా ఇక్కడే గుర్తుచేయాలి. నిష్పత్తిని మనం బరువుతో లెక్కిస్తాం, మాస్టిక్ మాత్రం పరిమాణంతో నడుస్తుంది. సున్నపురాయి పొడి సాంద్రత 2.7 ప్రాంతంలో ఉంటే, నీటితో విరిసిన సున్నపు పొడి, అంటే హైడ్రేటెడ్ లైమ్, 2.2 ప్రాంతంలో ఉంటుంది. పైగా దాని రిగ్డెన్ ఖాళీలు చాలా ఎక్కువ. అందుకే దాన్ని కంకర బరువులో 1 నుంచి 1.5 శాతం దాకానే వాడతారు, మిగిలిన ఫిల్లర్‌ను వేరే పొడితో నింపుతారు. ఆ కొద్దిపాటి సున్నం నీటి వల్ల తారు ఊడిపోవడాన్ని గట్టిగా అడ్డుకుంటుంది, దాని విలువ నాకు తెలుసు. ఎవరైనా మంచిదే కదా అని ఫిల్లర్ మొత్తాన్ని సున్నంతో నింపితే మాత్రం నిష్పత్తి అంకె మారకుండానే మిశ్రమం రాయిలా బిగుసుకుంటుంది. బంకమన్ను కలిసిన క్రషర్ డస్ట్ దీనికి పూర్తిగా విరుద్ధమైన ప్రమాదం. అందులోని మట్టి తడి తగిలితే ఉబ్బుతుంది, తారు పొరను లోపలినుంచి తోసేస్తుంది. ఫిల్లర్‌కు ప్లాస్టిసిటీ ఇండెక్స్, అంటే మట్టి జిగటను చెప్పే అంకె, 4 దాటకూడదన్న నియమం ఇందుకే ఉంది. ఈ పరీక్షను పని మొదలయ్యే రోజు ఒకసారి చేసి మూలన పడేస్తే సరిపోదు. క్వారీలో తవ్వే చోటు మారితే మట్టి మళ్లీ వస్తుంది.

మా ప్లాంటులో పొడి 5.0 నుంచి 6.2కు ఎలా పెరిగిందో చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం. కంకరను ఆరబెట్టే డ్రమ్ములో రాళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని కొత్త పొడి పుడుతుంది. డిజైన్ చేసే రోజు ప్రయోగశాలలో ఆ రాపిడి లేదు. ఆపైన డ్రమ్ము నుంచి గాలితో లేచిపోయిన పొడిని బ్యాగ్ హౌస్ సంచులు పట్టుకుంటాయి, దాన్ని స్క్రూ ద్వారా మళ్లీ మిశ్రమంలోకి పంపుతారు. ఆ పొడి చాలా సన్ననిది, క్రషర్ దగ్గర దొరికే పొడి కంటే ఎంతో సన్ననిది. దాన్ని తూకం లేకుండా నేరుగా పంపితే సంచులు దులిపిన ప్రతిసారీ ఒక గుబురుగా వచ్చి పడుతుంది. ఒక లారీలో పొడి తక్కువ, పక్క లారీలో ఎక్కువ. ఉదయం ప్లాంటు మొదలుపెట్టినప్పుడు, మధ్యలో ఆపి మళ్లీ నడిపినప్పుడు ఈ తేడా కళ్లకే కనిపిస్తుంది: కొన్ని లారీల్లో మిశ్రమం మెరుస్తూ కిందికి జారుతుంది, కొన్నింటిలో మందంగా, వెలవెలబోతూ కుప్పగా నిలబడుతుంది. పాత రోడ్డును చెక్కి తెచ్చిన పదార్థాన్ని తిరిగి కలిపే మిశ్రమాల్లో ఈ సమస్య రెట్టింపు. చెక్కేటప్పుడే రాళ్లు నలిగి పొడి పెరుగుతుంది, ఆ పాత తారు గట్టిపడి ఉంటుంది, అంతా కరిగి కొత్త తారుతో కలుస్తుందన్న నమ్మకం లేదు. అయినా లెక్కలో మాత్రం దాన్నంతటినీ పనిచేసే తారుగా రాసేస్తున్నాం.

కొన్ని మిశ్రమాలకు ఈ హద్దులు వర్తించవని నాకు తెలుసు. స్టోన్ మాస్టిక్ అస్ఫాల్ట్‌లో పొడి 8 నుంచి 12 శాతం దాకా కావాలనే వేస్తారు. అక్కడ పెద్ద రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని బరువు మోస్తాయి, మధ్యలోని పెద్ద సందులను దండిగా తారు, పొడి, నార కలిసిన మాస్టిక్ నింపుతుంది. పొడి ఎక్కువైనా తారు కూడా ఎక్కువే కాబట్టి రాళ్ల మీద పొర మందంగా ఉంటుంది. ఆ మిశ్రమాన్ని ఉదాహరణగా చూపి సాధారణ దట్టమైన మిశ్రమంలో పొడి పెరిగినా ఫరవాలేదని వాదించేవారిని కలిశాను. అస్థిపంజరం వేరు, తారు పరిమాణం వేరు. పోలిక కుదరదు.

ఇక మీనుంచి కోరేది చెబుతాను. ఎఫెక్టివ్ తారు లెక్క లేకుండా నిష్పత్తిని రాసిన పత్రాన్ని తిప్పి పంపండి. అది కఠినమైన కోరిక కాదు, కంకర సాంద్రతలు, మిశ్రమం గరిష్ఠ సాంద్రత ఎలాగూ డిజైన్‌లో కొలుస్తాం, పీల్చుకున్న తారు వాటినుంచే వస్తుంది. ఆ నిష్పత్తిని డిజైన్ నాడు ఒకసారి కాక, ఉత్పత్తి అయిన మిశ్రమం మీద, కడిగిన జల్లెడతో, క్రమం తప్పకుండా రాయించండి. ఫిల్లర్ ఎక్కడినుంచి వస్తుందో, దాని సాంద్రత ఎంతో, రిగ్డెన్ ఖాళీలు ఎన్నో పత్రంలో ఉండాలి. ఫిల్లర్ మారితే ఫార్ములా మారినట్టే భావించి మళ్లీ పరీక్షించాలి, నీటికి తట్టుకునే బలాన్ని కొలిచే పరీక్షతో సహా. తడిపిన నమూనాల బలం తడపని నమూనాల బలంలో 80 శాతానికి తగ్గకూడదన్న కొలమానం మనందరికీ తెలిసిందే. పొడి మారిన తరువాత ఆ పరీక్షను మళ్లీ చేసినవారు మాత్రం అరుదు. బ్యాగ్ హౌస్ పొడిని గిడ్డంగి తొట్టిలో నిల్వచేసి తూచి కలిపే ఏర్పాటు లేని ప్లాంటులో ఎంత మంచి డిజైన్ ఉన్నా ఉపయోగం తక్కువని కూడా గుర్తించమని వేడుకుంటున్నాను.

ఖాళీలు తగ్గాయన్న కబురు వచ్చినప్పుడు ఎవరూ తారు మీటను ముట్టుకోకముందే కడిగిన జల్లెడ ఫలితం మీ బల్ల మీదికి రావాలి. పొడి పెరిగి ఉంటే పొడిని తగ్గించాలి, దానికి ప్లాంటు ఒక పూట ఆగినా సరే. ఆగిన పూట ఖర్చు గుత్తేదారుకు కష్టమే, నేను ఆ వైపు కూర్చునే మనిషినే కాబట్టి ఆ కష్టం తెలిసే చెబుతున్నాను. పొడి డిజైన్‌లోనే ఉండి ఖాళీలు తగ్గితే అప్పుడు తారు గురించి, గ్రేడింగు గురించి మాట్లాడుకుందాం.

చివరిగా ప్రమాణాలు రాసే సభ్యులకు ఒక మాట. జాబ్ మిక్స్ ఫార్ములాకు మీరు ఇచ్చే సడలింపులు విడివిడిగా ఉన్నాయి. పొడికి సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు శాతం, తారుకు 0.3 శాతం అటూ ఇటూ పోవచ్చని చాలాచోట్ల రాసి ఉంటుంది. విడిగా చూస్తే రెండూ సమంజసమే. రెండింటినీ ఒకేసారి అంచుకు తీసుకెళ్లండి. మా మిశ్రమంలో పొడి 5.0 నుంచి 6.5కు పెరిగి, తారు 5.2 నుంచి 4.9కు తగ్గితే నిష్పత్తి 1.6 అవుతుంది. అలాంటి లారీ మీ ప్రమాణాల ప్రకారం ఏ గడిలోనూ ఫెయిల్ కాదు, అది రోడ్డెక్కుతుంది, దాని బిల్లూ చెల్లుతుంది. నాతో కలిసి పనిచేసిన కుర్రవాడు ఒకడు ఈ లెక్క చేసి, అన్నీ పాసైన మిశ్రమాన్ని ఏ నియమం చూపి ఆపాలి అని నన్ను అడిగాడు. చూపడానికి నాకు నియమం దొరకలేదు. అందుకే పొడికీ తారుకూ విడివిడిగా ఉన్న సడలింపుల పక్కన, ఆ రెండింటి నిష్పత్తికి కూడా ఒక హద్దును, ఉత్పత్తి అయిన మిశ్రమానికి వర్తించేలా, తిరస్కరించే అధికారంతో సహా చేర్చమని కోరుతున్నాను. తదుపరి సవరణలో ఆ ఒక్క వరుస వస్తే, ఆ కుర్రవాడి చేతిలో లారీని వెనక్కి పంపడానికి ఒక కాగితం ఉంటుంది.

గౌరవంతో,
హాట్ మిక్స్ ప్లాంటు నాణ్యతా ప్రయోగశాలలో పనిచేసే ఒక ఇంజనీరు